పందికొక్కుకి కంచె కట్టి కాపలా

మెల్‌బోర్న్‌లో పుట్టిన మా పిల్లలకి తెలుగు గొప్పదని చెప్పడానికి చాలామంది ‘ఇటాలియన్ ఆఫ్ ద ఈస్ట్’ దగ్గర మొదలుపెడతారు. నాకైతే పందికొక్కే బాగా పనికొచ్చింది.

మావాడికి ‘క్రాష్ బాండికూట్’ వీడియో గేమ్ అంటే పిచ్చి. 1996లో వచ్చిన గేమ్, నా చిన్నప్పుడు నేనూ ఆడాను. ఆ బాండికూట్ మన పందికొక్కేరా అంటే నమ్మలేదు. ఇంగ్లిష్ డిక్షనరీ తీసి చూపించాను. మూలం తెలుగు అని అచ్చంగా రాసి ఉంది. మన గాదెల కింద బొరియలు చేసే పెద్ద ఎలుకని ఇండియాలోని తెల్లవాళ్లు బాండికూట్ అన్నారు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పొడుగు ముక్కుతో నేల తవ్వే జంతువు కనపడితే దానికీ అదే పేరు తగిలించేశారు. నిజానికి ఇది ఎలుక జాతే కాదు. కంగారూలాగా సంచిలో పిల్లల్ని పెంచుతుంది. కాకపోతే సంచి మూతి వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పడకుండా.

మెల్‌బోర్న్ శివార్లలోని క్రాన్‌బోర్న్ బొటానిక్ గార్డెన్స్‌లో ఇవి పగలే తిరుగుతుంటాయి. గడ్డిలో ముక్కు గుచ్చి, గరాటు ఆకారంలో చిన్న గుంట చేసి, పురుగు దొరగ్గానే పక్కకి జరిగి ఇంకో గుంట. మావాడు వీడియో కాల్‌లో మా అమ్మకి చూపించాడు.

“నానమ్మా, పందికొక్కు!”

“ఇదేం పందికొక్కురా? ముంగిసలా ఉంది. ఉచ్చు పెట్టలేదా ఎవరూ?”

ఉచ్చు కాదు నానమ్మా, ఇవి అంతరించిపోయేలా ఉన్నాయి, నక్కలు రాకుండా కంచె కట్టారు అని వాడు చెప్పాడు. దీని చుట్టం, ఒంటి మీద చారలుండే ఇంకో రకం, మేముండే ఈ విక్టోరియా రాష్ట్రంలో అడవిలో పూర్తిగా లేకుండా పోయిందట. కంచెల్లోనూ, నక్కల్లేని దీవుల్లోనూ పెంచి, 2021లో దాన్ని ‘అడవిలో అంతరించినవి’ అనే జాబితాలోంచి బయటికి తెచ్చారు. మా అమ్మ వింటూ వింటూ, “పందికొక్కులకి కంచె కట్టి కాపలానా! ఇక్కడ ధాన్యం అంతా అవే మింగుతుంటే...” అని నెత్తి కొట్టుకుంది.

ఆ రోజు నుంచి ‘గాదె కింది పందికొక్కులా మెక్కకు’ అని తిడితే మావాడికి తిట్టులా అనిపించడం లేదు, అదొక చిక్కు. చెల్లెల్ని మాత్రం వాడే అలా తిడుతున్నాడు, ఉచ్చారణ తప్పులేకుండా.

అమ్మకి నచ్చింది ఒక్కటే. ఆస్ట్రేలియా ఇంగ్లిష్‌లో బాండికూట్‌ని క్రియగా కూడా వాడతారు. పైన ఆకులు కదలకుండా, మొక్క మొక్కలాగే ఉంచి, కిందనుంచి పక్కవాడి బంగాళదుంపలు లాగేయడం అని అర్థం.

“ఆఁ, అదీ పందికొక్కు!” అంది.