సోరియాసిస్‌కి మందు రాయించుకుందామని వెళ్తే లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) రాశారు

మోచేతులు, నడుం, తల, అన్నిచోట్లా పొలుసులే. నల్ల చొక్కా వేసుకుంటే భుజాల మీద పిండి చల్లినట్టుండేది. ఏళ్ళుగా పూత మందులతో నెట్టుకొస్తున్నా. ఇది అంటుకోదని మా బంధువుల్లో కొందరికి ఇప్పటికీ నమ్మకం లేదు, అది వేరే కథ.

ఈమధ్య తిరుపతిలో ఒక కొత్త స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చర్మం చూశాక బీపీ చూశారు, టేపుతో నడుం కొలిచారు, ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా అని అడిగారు. నాకు టెన్షన్ పట్టుకుంది. "మేడం, నెలనెలా అలిపిరి నుంచి నడిచే కొండెక్కుతాను, ఆ 3,550 మెట్లెక్కేవాడికి గుండె పరీక్షలెందుకు" అన్నాను. "ఎక్కండి, మంచిదే. రక్తంలో కొవ్వెంతుందో మెట్లు చెప్పవు కదా" అన్నారావిడ.

సోరియాసిస్‌లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఒక్క చర్మంలోనే ఉండదట. పొలుసులు పుట్టించే టీఎన్ఎఫ్, ఐఎల్-17 లాంటి వాపు రేపే ప్రోటీన్లే రక్తంలో తిరుగుతూ రక్తనాళాల లోపలి పొరనీ దెబ్బతీస్తాయి, అక్కడ కొవ్వు పేరుకోవడానికి దారవుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకి, అందులోనూ వయసు తక్కువ వాళ్ళకి, గుండెపోటు ముప్పు ఎక్కువని 2006లోనే బ్రిటన్ రోగుల రికార్డులతో చేసిన అధ్యయనంలో తేలింది. 2018 అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో కూడా ముప్పు పెంచే జబ్బుల్లో సోరియాసిస్ పేరుంది. ఇన్నేళ్ళలో ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

పరగడుపున రక్తమిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 158 వచ్చింది. బీపీ కూడా ఎక్కువే. ఆ రిపోర్టు పట్టుకుని ఒక గుండె డాక్టర్ దగ్గరికి పోతే ఈసీజీ తీయించి, బాగుంది వెళ్ళమన్నారు, సోరియాసిస్ గురించి చెప్పబోతే "అది స్కిన్ వాళ్ళనడగండి" అన్నారు. ఆ స్కిన్ వాళ్ళే కదా ఇక్కడికి పంపింది! మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికే వచ్చాను. ఈసారి ఆవిడ నా వివరాలన్నీ లెటర్‌హెడ్ మీద రాసి, కింద "బీటా బ్లాకర్ వీలైతే వద్దు" అని ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ ఇచ్చారు. ఆ రకం బీపీ మాత్రలతో కొందరికి సోరియాసిస్ పెరుగుతుందట.

ఆ లెటర్ లేకపోతే ఏమయ్యేదో. దాన్ని పట్టుకుని ఇంకో గుండె డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన మెటోప్రొలోల్ (అదీ బీటా బ్లాకరే) రాయబోయి ఆ గీత దగ్గర ఆగి, దాన్ని కొట్టేసి టెల్మిసార్టాన్ అనే వేరే రకం బీపీ మాత్ర రాశారు. దాంతోపాటు రాత్రి పూట కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్. ఇప్పుడు పూత మందులతోపాటు సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ అనే మందు కూడా వాడుతున్నానని, దానికి లివర్ మీద కన్నేసి ఉంచాలని లెటర్‌లో ఉంది కాబట్టి లివర్ టెస్టులు ఇద్దరికీ పనికొచ్చేలా ఒకేసారి చేయించమన్నారు.

ఇప్పుడు ఎల్‌డీఎల్ దిగింది. తలలో పొలుసులు మాత్రం మొండికేశాయి, దానికి షాంపూ మార్చారు, చూడాలి.