ఎక్స్‌రేలో సన్నని గీత

మా 14 ఏళ్ల అబ్బాయి హన్మకొండ జేఎన్‌ఎస్ మైదానంలో లాంగ్‌జంప్ మొదలుపెట్టిన నాటి నుంచి, ఎక్కువగా ఎగిరితే ఎత్తు పెరగరన్న మా అమ్మ మాటనే నేనూ వల్లిస్తూ వచ్చాను. నిరుడు వాడి మోకాలి కింద బుడిపెలా వాచినప్పుడు నా భయమే నిజమైందనుకున్నాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి, ఎముక చివర అడ్డంగా ఉన్న నల్లని సన్నని గీతను పెన్నుతో చూపించారు. అది పగులు కాదు. ఎముక పొడవు పెరిగే మృదులాస్థి (ఇంకా గట్టిపడని మెత్తని ఎముక) పొర, పెరుగుదల ముగిశాక గట్టిపడి మూసుకుపోతుంది. మోకాలిచిప్ప కింది స్నాయువు (తొడ కండరాన్ని కాలి ఎముకకు కలిపే పట్టీ) ఇంకా ముదరని ఎముకను పదేపదే లాగడం వల్ల వాపు వచ్చిందని, దీన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారని, కొన్నాళ్లు దూకడం తగ్గిస్తే సర్దుకుంటుందని చెప్పారు.

ఎత్తు చాలావరకు వంశాన్ని, తిండిని బట్టి ఉంటుంది. వ్యాయామం పెంచేది ఎముక గట్టిదనాన్ని: దూకినప్పుడు పడే ఒత్తిడిని ఎముకలోని కణాలు గుర్తించి, అక్కడ కొత్త ఎముకను చేరుస్తాయి. ఈత, సైకిల్ గుండెకు మంచివే గాని ఈ పని అంతగా చేయవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ల వారికి వారానికి కనీసం 3 రోజులు ఎముకలను బలపరిచే వ్యాయామం ఉండాలంటోంది.

అసలు ఆలోచించవలసింది పదో తరగతి చదివే మా అమ్మాయి గురించి. పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్, మధ్యలో ఆటో. ఇప్పుడు డాబా మీద తాడాట మొదలుపెట్టింది. చప్పుడేమిటని కింది వాటా వాళ్లు అప్పుడే ఒకసారి అడిగారు.