ఇందాకే వేసుకున్న మాత్ర

ఈరోజు ఉదయం అత్తయ్యగారికి బీపీ మాత్ర రెండోసారి ఇవ్వబోయాను. ఒక పొయ్యి మీద పాలు, రెండో దాని మీద కుక్కరు, గుమ్మం ముందు బాబు స్కూలు ఆటో హారను, చెవి దగ్గర ఓటీపీ చెప్పమంటున్న గ్యాస్ డెలివరీ కుర్రాడు. వీటి మధ్య పది నిమిషాల క్రితం మాత్ర ఇచ్చిన సంగతి నా మనసులోంచి పూర్తిగా జారిపోయింది. "ఇందాకే వేసుకున్నాను కదమ్మా" అని ఆవిడ అనకపోయి ఉంటే ఏమయ్యేదోనన్న భయం, ఇసుకతోటలో బస్సెక్కి మద్దిలపాలెం దాటినా నన్ను వదలలేదు.

నైట్ షిఫ్టు ముగించుకుని గాజువాక నుంచి అప్పుడే వచ్చిన మావారు, పొంగిన పాలు తుడుస్తున్న నన్ను చూసి, ఆడవాళ్ళకు ఒకేసారి నాలుగు పనులు చక్కబెట్టడం పుట్టుకతోనే వస్తుందని మెచ్చుకోలుగా అన్నారు. మా అమ్మ కూడా అదే మాట గర్వంగా చెప్పేది, ఇన్నాళ్ళూ నేనూ నమ్మాను.

మధ్యాహ్నం భోజన విరామంలో ఈ విషయం గురించి వెతికి చదివాను. 2013లో బ్రిటన్ పరిశోధకులు చేసిన ఒక పరీక్షలో, రెండు పనుల మధ్య మారుతూ ఉండాల్సి వచ్చినప్పుడు అందరూ నెమ్మదించారు, కానీ ఆడవారి కన్నా మగవారు ఎక్కువగా నెమ్మదించారు. అదే ఏడాది స్వీడన్‌లో వెలువడిన మరో అధ్యయనంలో మగవారే ముందున్నారు. 2019లో జర్మనీలో 48 మంది స్త్రీలను, 48 మంది పురుషులను పరీక్షించినప్పుడు చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. ఆలోచన అవసరమైన రెండు పనులను మెదడు నిజానికి ఒకేసారి చేయదు, ఒకదాని నుంచి ఇంకొకదానికి గబగబా మారుతూ ఉంటుంది. అలా మారిన ప్రతిసారీ కొంత సమయం పోతుంది, ఒక్కోసారి మాత్ర ఇచ్చామన్న జ్ఞాపకమూ పోతుంది.

చిన్నప్పుడు నాన్నతో వెళ్ళి చూసిన అష్టావధానం గుర్తొచ్చింది. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది అంటూ ఎనిమిది మంది చుట్టూ కూర్చున్నా, అవధాని ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఒక్కో పాదం చెప్పి, తర్వాతి వారి వైపు తిరిగేవారు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఒక్కరే మధ్యలో దూరేవారు, మిగిలిన పృచ్ఛకులు తమ వంతు వచ్చేదాకా ఓపిగ్గా ఉండేవారు. అంతటి ధారణ ఉన్నవారికే వరుస అవసరమైనప్పుడు, వంతు అంటే ఏమిటో తెలియని మా వంటింట్లో నేను మరచిపోవడంలో వింతేముంది?

జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు 2019లో రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 నాటికి అవి 289, 88 అయ్యాయి, అంటే ఐదేళ్ళలో ఆ తేడా 202 నిమిషాల నుంచి 201కి మాత్రమే తగ్గింది. పుట్టుకతో వచ్చిన నేర్పు అనే మెచ్చుకోలు ఈ లెక్కను కనబడకుండా చేస్తుందని నాకు గట్టిగా అనిపించింది.

రాత్రి ఆయన డ్యూటీకి బయలుదేరేముందు, అత్తయ్యగారి మాత్రల విషయంలో నాకు సాయం వద్దని, ఇవ్వడం, గుర్తుపెట్టుకోవడం, అయిపోకముందే తెచ్చుకోవడం అన్నీ ఇకపై ఆయనే చూసుకోవాలని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత డబ్బా తీసి, స్ట్రిప్పులో మిగిలినవి లెక్కపెట్టి, "ఇవి పొద్దున వేయాల్సినవేనా, తిన్నాకనా ముందా?" అని వాళ్ళమ్మను అడిగారు.