పద్మిని తలుపు: అతుకు పైన ఆడుతున్న రేకు

నేను బాగుచేస్తున్న పాత ప్రీమియర్ పద్మిని కారు ఎడమవైపు ముందు తలుపు ఇంకా మొండికేస్తూనే ఉంది. కింద తుప్పు తిన్న భాగాన్ని కోసి కొత్త రేకు అతికిన చోట, అతుకుకు కాస్త పైన బొటనవేలితో నొక్కితే రేకు టక్కుమని లోపలికి పోతోంది, వేలు తీయగానే టక్కుమని బయటికి వస్తోంది. లప్పం పెట్టి కప్పేయమని ఆటోనగర్‌లో సలహా ఇచ్చేవారికి కొదవ లేదు గానీ, ఆడే రేకు మీద లప్పం నిలవదు; నాలుగు గతుకులు ఎక్కి దిగేసరికి నెర్రె ఇచ్చి రంగుతో సహా ఊడుతుంది.

సిల్లులు, అంటే తలుపుల కింద కారు పొడవునా ఉండే పెట్టె దూలాలు, రెండూ 18 గేజి రేకుతో పూర్తయ్యాయి. ఫియట్ 1100కు 1953 నుంచి విడి ఛాసిస్ లేదు, ఆ వంశానికి చెందిన పద్మినిలోనూ బరువు మోసేవాటిలో సిల్లులు ముఖ్యమైనవి కాబట్టి అక్కడ పలుచని రేకు పెట్టడం నాకు ఇష్టం లేదు. వెనుక చక్రం పైవంపు కూడా సాఫీగా కుదిరింది.

తలుపు సంగతి వేరు. పాత రేకు మందం మైక్రోమీటరులో 0.88 మి.మీ. వచ్చింది కనుక 20 గేజి సీఆర్ (చల్లగా రోలర్ల మధ్య నొక్కి తీసిన) రేకునే తీసుకున్నాను. ముక్క 640 మి.మీ. పొడవు, 150 మి.మీ. ఎత్తు. అంచుకు అంచు ఆనించి 0.6 మి.మీ. సందు వదిలి, 0.8 మి.మీ. మిగ్ వెల్డింగు తీగతో, ఆర్గాన్ 80, కార్బన్ డయాక్సైడ్ 20 పాళ్ల గ్యాసుతో, 45 ఆంపియర్ల దగ్గర 25 మి.మీ.కు ఒక చుక్క చొప్పున, ఒకచోట పెట్టిన తరువాత దూరంగా మరోచోట పెడుతూ, చేయి ఆనించగలిగేంత చల్లారనిచ్చాకే సందులు నింపాను. అయినా నడుమ భాగం అట్ట అచ్చుకు 3 మి.మీ. లోపలికి దిగింది.

వేడి ఎక్కువై రేకు ఉబ్బిందని అందరూ అంటారు. నా కొలతలు మరోలా చెబుతున్నాయి. వెల్డింగుకు ముందే అతుకు వెంబడి 600 మి.మీ. దూరంలో రెండు పంచ్ గుర్తులు, దానికి 80 మి.మీ. పైన అదే దూరంలో మరో రెండు గుర్తులు కొట్టి ఉంచాను. లేత్ షాపులో అడిగి తెచ్చిన పెద్ద వెర్నియర్‌తో చూస్తే పై గుర్తుల దూరం మారలేదు, అతుకు మీది దూరం మాత్రం 0.3 మి.మీ. తగ్గింది. అంటే రేకు సాగలేదు, చల్లారుతూ అతుకు కుదించుకుపోయి పైనున్న రేకును మిగులుగా మార్చింది. 0.3 మి.మీ. ఏపాటి అనిపించవచ్చు గానీ, 600 మి.మీ. పొడవున్న చదునైన పట్టీలో ఆ మిగులంతా ఒకే వంపుగా మారితే లెక్క ప్రకారం నడుమ 8 మి.మీ. ఎత్తు లేస్తుంది. నా తలుపులో 3 మి.మీ.తో ఆగిందంటే, మిగతాది రేకులోనే బిగువుగా దాగి ఉందని అనుకుంటున్నాను. ప్రతి చుక్కనూ తడిగుడ్డతో చల్లార్చే అలవాటు నాకు నచ్చకపోవడానికి కారణం కూడా ఇదే: ఎత్తుగా లేచిన రేకును కుదించడానికి పనికివచ్చే ఉపాయాన్ని, అప్పటికే కుదించుకుపోతున్న అతుకు మీద ఎందుకు ప్రయోగించాలి?

మందు తెలిసిందే. అతుకు ఉబ్బును గ్రైండర్‌తో రేకుకు సమానంగా తీసి, వెనుక డాలీ (చేతిలో ఇమిడే బరువైన ఇనుప దిమ్మ) ఆనించి, సరిగ్గా అతుకు మీదే సుత్తితో కొట్టి దాన్ని సాగదీయాలి. కబ్జాల వైపు నుంచి 430 మి.మీ. వరకు ఇలా చేస్తే అచ్చుతో తేడా 0.5 మి.మీ.కు వచ్చింది, అక్కడ ఇప్పుడు రేకు ఆడటం లేదు. మిగిలిన 210 మి.మీ. భాగానికి వెనుకవైపున, తలుపు లోపలి ఫ్రేము అడ్డం ఉంది. డాలీ దూరదు, చెంచా ఆకారపు పనిముట్టు దూరినా బరువు చాలక దెబ్బకు వెనక్కి తంతోంది. పైగా ఈఆర్70ఎస్-6 తీగ వేసిన అతుకు రేకు కన్నా గట్టిది. ఆ పేరులోని 70 అంటే కనీసం 480 మెగాపాస్కల్ తన్యతా బలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే బలం. సుత్తి దెబ్బకు పక్కనున్న మెత్తని రేకు ముందు సాగుతుంది, అతుకు తరువాత కదులుతుంది. తీగ విషయంలో ఈసాబ్, అడార్ కంపెనీలవి రెండూ నాకు ఒకేలా పనిచేశాయి. పేరులేని చవక చుట్ట మాత్రం చిందులు ఎక్కువగా పోస్తుంది.

ఆ 210 మి.మీ. మేర అతుకు పైనున్న రేకును వేడి చేసి కుదించవచ్చునన్న ఆలోచన వచ్చింది గానీ, దానివల్ల బాగున్న పై రేకును కూడా పొట్టి చేసి రెండు తప్పులను సరితూచినట్టవుతుంది. కాబట్టి కింది అంచు మడతను విప్పి, రేకును ఫ్రేము నుంచి వేరు చేసి, ఆ మేరకు అతుకును కోసి టిగ్‌తో (కరగని టంగ్‌స్టన్ ముల్లుతో చేసే వెల్డింగుతో) మళ్ళీ వేస్తాను: 1.6 మి.మీ. టంగ్‌స్టన్, 30 ఆంపియర్లు, వీలైనంత వరకు తీగ కలపకుండా అంచులనే కరిగించడం. సందు అసలు ఉండకూడదు, కాబట్టి అంచును ఆకురాయితో సరిచేయడానికే ఎక్కువ సమయం పడుతుంది. అది కుదిరితే కుడి తలుపును మొదటి నుంచీ మడత విప్పే మొదలుపెడతాను. అక్కడ తుప్పు తక్కువ కాబట్టి 90 మి.మీ. ఎత్తు ముక్క సరిపోవచ్చు, అతుకు కూడా కింది అంచుకు దగ్గరగా వస్తుంది. డిక్కీ నేల ఆ తరువాతే.