గ్రావెల్ గుంతలో అడవి: యూనివర్సిటీతో కలిసి చేసిన పని

విశాఖ చుట్టుపక్కల గ్రావెల్ తవ్వి వదిలేసిన జాగాలో అడవి పెంచాలంటే అందరూ ముందు మొక్కలే అడుగుతారు. మేం మట్టి రిపోర్టు అడుగుతాం. మొక్కల లారీ రాకముందే యూనివర్సిటీ గడప తొక్కాలి, నాటాక పిలిస్తే వాళ్లు చేయగలిగింది తక్కువ.

తవ్విన అడుగు, తవ్వని అంచు, పక్కన పోగేసిన పైమట్టి: మూడింటికీ శాంపిల్ వేరు. ఒక్కోదానికి 10–15 చోట్ల 15 సెం.మీ. లోతున 'వి' ఆకారంలో గుంత తీసి, దాని గోడను పైనుంచి కిందికి పలచగా చెక్కాలి. అలా చెక్కిన మట్టే శాంపిల్. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ తీసేస్తూ అరకిలోకి దించి, నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. ఖాళీ యూరియా సంచిలో పోసి తెచ్చేవాళ్లున్నారు. లేని నత్రజని రిపోర్టులో పుట్టుకొస్తుంది. జింకు చూడాలంటే జింకు పూతున్న పార పనికిరాదు, వెదురు బద్దతో గీకాలి.

సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు వస్తే తక్కువ కిందే లెక్క. పశువుల ఎరువుతో దాన్ని సర్దుకోవచ్చు. అసలు తలనొప్పి లారీలు తిరిగి బిగుసుకుపోయిన అడుగు. వేసవిలో, నేల పొడిగా ఉండగానే జేసీబీతో 50–60 సెం.మీ. లోతుకు చీల్చాలి. తడిలో చీలిస్తే గట్టి పొర పగలదు, జేసీబీ పన్ను చేసిన గాడి గోడలు నున్నగా పూసుకుపోయి వేరు లోపలికి దిగదు.

ఏం నాటాలన్నది నర్సరీలో ఏముందో చూసి తేల్చేది కాదు. విశాఖ పక్కనున్న కంబాలకొండలాంటి మిగిలిన అడవిలో వృక్షశాస్త్రం విద్యార్థులు చెట్లకు 10×10, పొదలకు 5×5, గడ్డికి 1×1 మీటర్ల గళ్లు కట్టి లెక్క రాస్తారు. పేరు తెలియని మొక్కకు ఆకు ఫొటో చాలదు. పువ్వో కాయో ఉన్న కొమ్మను కాగితాల మధ్య నొక్కి ఇస్తేనే తేలుతుంది. గింజల సంగతీ వాళ్లనే అడగండి. వేప గింజకు మొలిచే శక్తి రెండు మూడు వారాల్లోనే పడిపోతుంది. రేల గింజ పెంకు గట్టిది, గరుకు కాగితం మీద రుద్ది నానబెట్టాలి.

నాటేటప్పుడు సంచి చింపి వేరు చూడండి. అడుగున చుట్టలా తిరిగి ఉంటే కింది రెండు సెం.మీ. కోసేసి, పక్కల నిలువు గాట్లు పెట్టాలి. లేకపోతే చెట్టు పైకి బాగానే పెరుగుతుంది, పెద్ద గాలికి మొదలంటా ఒరిగిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి వేరు సంగతి వేరే చెప్పాలా?

చిక్కంతా యూనివర్సిటీ కేలెండర్‌తోనే. మట్టి తీయాల్సిన మేలో సెలవులు, విద్యార్థుల ప్రాజెక్టు నడిచేది ఒక్క సెమిస్టర్, మొక్క నిలిచిందో లేదో తేలడానికి కనీసం మూడు వేసవులు. అందుకే ఒప్పందంలోనే రాయించుకోవాలి: మొక్కలు లెక్కపెట్టే అవే ప్లాట్లు, అదే ఫారం, తర్వాతి బ్యాచ్‌కు అప్పగింత. ప్రతి మొక్క పక్కనా నంబరు కొట్టిన గూటం పాతాలి. మొక్క చచ్చినా గూటం పీకొద్దు. పీకితే వచ్చే ఏడు లెక్కపెట్టేవాళ్లకు ఆ చావు కనిపించదు, బతికిన శాతం ఉత్తపుణ్యానికి పెరుగుతుంది.