మాస్టరుకు నాలుగున్నరకు తెలివైతే

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల టిఫిన్ సెంటర్ నడవాలంటే వంట మాస్టరు మూడున్నరకు లేవాలె, ఐదున్నరకల్లా మొదటి ఇడ్లీ ప్లేటు దిగాలె. ఆ టైముకు వచ్చే గిరాకీ వేరు. రాత్రంతా ఎంజీఎం దవాఖానల పేషెంటు పక్కన కూసున్నోళ్లు, కాజీపేటల రైలు దిగినోళ్లు, రోడ్లూడ్చి వచ్చే మున్సిపాలిటీ కార్మికులు, మిర్చి సీజన్ల ఎనుమాముల మార్కెట్ల బస్తాల పక్కనే పండుకున్న రైతులు. "అన్నా, ఏమున్నయే?" అని ఒక్కసారి అడుగుతరు. "జర పది నిమిషాలాగు" అంటే పక్క బండికి పోతరు.

గంట లేటుగ తెలివైన రోజు చాలామంది చేసే తప్పు ఒకటే. ఆ గంటను అన్ని పనులల్ల తలా కొంచెం కోసుకుందామని చూస్తరు. మంట పెద్దగ పెడుతరు, ఆవిరి రాకముందే ప్లేట్లు దించుతరు, వేడి పల్లీలు మిక్సీల పోస్తరు. మనం ఉరికితే పిండి ఉరకదు, పెనం ఉరకదు. రెండు మూడు ఐటమ్‌లు మొత్తానికే బంద్ పెట్టి, చేసేటివి ఎప్పటిలెక్కనే చేసుడు మేలు.

ముందుగాల మనిషి సంగతి. తెల్లారుజామున నాలుగు, ఐదు ఆ మధ్యల ఒంటి వేడి బాగ తగ్గి ఉంటది, నిద్ర గట్టిగ పట్టే వేళ అది. దిగ్గున లేస్తే పావుగంట నుంచి అరగంట దాకా తల సగమే పనిచేస్తది. నడుస్తం, మాట్లాడుతం, గాని లెక్క తప్పుతం. పిండిల ఉప్పు రెండుసార్లు పడేది అప్పుడే. దీనికి సులువు ఉపాయం: మరునాటి ఉప్పు రాత్రే కొలిచి చిన్న గిన్నెల పెట్టాలె. గిన్నె ఖాళీ ఉంటే ఉప్పు పడ్డట్టు. ఎక్కువ పడ్డ పిండికి ఉప్పులేని పిండి కలుపుడు తప్ప వేరే మందు లేదు.

షట్టర్ లేపంగనే స్విచ్ మీద చెయ్యి వేయొద్దు. గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదనే పరుచుకొని ఉంటది. షట్టర్ పూర్తిగ లేపి, కిందికి వంగి వాసన చూసి, రెండు నిమిషాలు గాలాడనిచ్చి, వాసన లేకుంటేనే లైటు వేయాలె. ఎంత లేటైనా ఈ రెండు నిమిషాలు కోసుకోవద్దు.

మొదటి పొయ్యి ఇడ్లీ స్టీమర్‌కు. నీళ్లు రాత్రే నింపి పెట్టుకుంటే అగ్గి ముట్టించుడే పని. మూత సందుల నుంచి ఆవిరి జోరుగ తన్నినంకనే ప్లేట్లు దించాలె. ముందే దించితే పిండి గోరువెచ్చటి నీళ్ల మీద కూసుంటది, ఉబ్బకముందే పరుచుకుంటది, ఇడ్లీ గట్టిగ దిగుతది. ఆవిరి పట్టినంక 10-12 నిమిషాలు. 7 నిమిషాలకే మూత తీసి చూస్తే నడుమ కుంగుతది, మళ్ల మూత పెట్టినా లేవదు. దించినంక 2 నిమిషాలు ఆగి, తడి చెంచాతోటి తీస్తే విరగదు.

అసలు కష్టం పిండికాడ. మినపపప్పు ఒక పాలు, ఇడ్లీ రవ్వ రెండు పాళ్లు, పప్పు 4-5 గంటలు నానుడు, ఇది ఎవరికైనా తెలిసిన లెక్కనే. చలికాలంల పిండి పులవడానికి 10-12 గంటలు పడితే, వరంగల్ మే నెల రాత్రి 5-6 గంటలకే పొంగి నిలబడ్తది. రాత్రి తొమ్మిదింటికి రుబ్బిన పిండి మూడున్నరకు సరిగ్గుంటే, నాలుగున్నరకు దాని పొంగు దిగుడు మొదలైతది. పొంగేది లోపలి సూక్ష్మజీవులు వదిలే గ్యాసుతోటి. టైము మించితే పులుపు పెరుగుతనే ఉంటది, గ్యాసు పట్టుకునే జిగురు సడలి బుడగలు పగులుతయి. అందుకే లేటైన రోజు ఇడ్లీ పలచగ, పుల్లగ వస్తది. దాని మీద హడావిడిల గంటె పెట్టి గరగర తిప్పితే మిగిలిన గాలి కూడ పోతది. పైనుంచి మెల్లగ తీసుకొని ప్లేట్లు నింపాలె.

దీనికి మందు రాత్రే వేయాలె. ఎండకాలం రుబ్బేటప్పుడు ఐసు నీళ్లు పోస్తే పిండి వేడెక్కదు. ఉప్పు పులుపును జర ఆపుతది గనుక ఎండకాలం రాత్రే, చలికాలం పొద్దుగాల వేసుడు నయం (ఉప్పు గిన్నె ఉపాయం ఎండకాలం రాత్రికి జరుపుకోవాలె, అంతే). పిండిని రెండు బకెట్లుగ విడగొట్టి, ఒకటి ఫ్రిజ్‌ల పెడితే మాస్టరు నిద్రకు జామీను ఉన్నట్టే.

సాంబారు ఆ రోజుకు బంద్. కందిపప్పు ఉడకకముందే తొందరకు చింతపండు పులుసు పోస్తే, ఆ పులుపుకు పప్పు బిరుసుగనే ఉండిపోతది, ఎన్ని విజిళ్లైనా మెత్తబడదు. పల్లి చట్నీ, అల్లం చట్నీ ఉంటే మన దగ్గర ఎవరూ మాట అనరు.

పల్లి చట్నీల ఒక్క ప్రమాదమున్నది. పొయ్యి మీది పల్లీలు అట్లనే మిక్సీల పోస్తే లోపల ఆవిరి పుట్టి మూత ఎగురుతది, చట్నీ గోడలకు. ఎగరకపోయినా నూనె తేలి ముద్దైతది. పళ్లెంల పరిచి ఫ్యాను కింద 10 నిమిషాలు పెట్టాలె. ముందురోజు సాయంత్రమే ఏంచి, చల్లారినంక డబ్బాల పెట్టుకుంటే ఈ బాధనే లేదు.

దోశ పెనం దళసరి ఇనుము, మంట పెద్దగ పెడితే నడుమ కాలుతది, అంచులు చల్లగనే ఉంటయి. నడుమ పిండి ముద్ద కట్టి గంటెకు అంటుకుంటది, అంచుల కాడ దోశ లేవదు. నడిమి మంట మీద 15-20 నిమిషాలు కాలనిచ్చి, నీళ్లు చల్లి, కోసిన ఉల్లిగడ్డతోటి నూనె రాయాలె.

పూరి, మైసూర్ బజ్జి మొదటి గంట వద్దు. నిద్రమత్తుల ఉన్న మనిషి కడాయి ముందర నిలబడొద్దు, అంతే. బజ్జి పిండి నానలేదని సోడా ఎక్కువ వేస్తే నూనె గుంజుతది, లోపల ఉడకకముందే పైన ఎర్రబడ్తది, నాలుకకు సబ్బు తగిలినట్టుంటది. కడాయిల నూనె సగానికి మించొద్దు, జల్లిగంటె తడిగ ఉండొద్దు. నూనె అంటుకుంటే గ్యాసు బంద్ చేసి పెద్ద మూత జరిపి కప్పాలె. నీళ్లు పోస్తే అవి నూనె కిందికి దిగి ఒక్కసారే ఆవిరై, మండే నూనెను మనిషి మీదికి ఎగజిమ్ముతయి.

ఆ రోజు ఆదుకునేది ఉప్మా. గిన్నె రవ్వకు మూడు గిన్నెల నీళ్లు, 20 నిమిషాలు. స్టీమర్‌ల ఆవిరి వచ్చేలోపే మొదటి ప్లేటు పెట్టొచ్చు, వచ్చినోళ్లను నిలబెట్టొచ్చు.

సిలిండర్ సరిగ్గ ఈ రోజే అయిపోతది. కమర్షియల్ సిలిండర్‌ల గ్యాసు 19 కిలోలు, ఖాళీ బరువు సిలిండర్ మీదనే రాసి ఉంటది. రాత్రి ఒకసారి తూకం చూస్తే ఎంతున్నదో తెలుస్తది. లేటైందని నాలుగు పొయ్యిలు ఒక్కసారి పెద్దగ పెడితే సిలిండర్ చల్లబడి, పైన మంచు పట్టి, మంట సన్నగైతది. లోపలి ద్రవం గ్యాసు కావాలంటే వేడి కావాలె, అంత తొందరగ అందదు. రెండు సిలిండర్లు జోడించుకోవాలె, లేకుంటే ఒక పొయ్యి ఆపాలె. కొందరు సిలిండర్‌ను పక్కకు పండవెడుతరు. అట్ల చేస్తే ద్రవమే పైపులకు వస్తది, మంట మనిషెత్తు లేస్తది.

ఇగ అలారం. మూడున్నర పెడుతరు, అది మధ్యాహ్నం మూడున్నర అయి ఉంటది. రిపీట్ సోమవారం నుంచి శుక్రవారం దాకనే పెడుతరు, టిఫిన్ సెంటర్‌కేమో ఆదివారమే గిరాకీ. రింగ్‌టోన్ సౌండు వేరు, అలారం సౌండు వేరు, రెండూ చూసుకోవాలె. ఆండ్రాయిడ్‌ల డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, అందుల అలారాలకు అనుమతి తీసేస్తే అలారం కూడ మోగది. పదేసి నిమిషాల స్నూజ్ మూడుసార్లు ఒత్తితే అరగంట పాయె. ఫోను మంచం కాడ కాదు, లేచి నాలుగడుగులు వేస్తే అందే కాడ ఛార్జింగ్ పెట్టాలె. కెఫిన్ సగం దిగడానికే దాదాపు 5 గంటలు పడ్తది, సాయంత్రం ఏడింటి చాయ్ అర్ధరాత్రి దాకా పనిచేస్తనే ఉంటది. రాత్రి నిద్ర ఎట్లైనా నాలుగైదు గంటలే గనుక, మధ్యాహ్నం గంటన్నర పండుడు ఈ పనిల సోమరితనం కాదు.

షట్టర్ తాళంచెవి రెండోది దోశ మాస్టర్ దగ్గర ఉంచాలె. ఇది ఎంత చెప్పినా ఓనర్లు వినరు.

అమ్ముడుపోని పుల్లపిండిని పారబోయొద్దు. బియ్యప్పిండి కలిపి గట్టిగ చేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి ఫ్రిజ్‌ల పెడితే సాయంత్రం పునుగులకు పనికొస్తది. పునుగులకు ఆ పులుపే రుచి.