జిప్ కోడ్ బౌండరీల కోసం వెతికిన పది రోజులు

అమెరికా అడ్రస్‌ల లిస్ట్ ఒకటి చేతికిచ్చి, ఏ జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) నుంచి ఎన్ని ఆర్డర్లు వచ్చాయో మ్యాప్ మీద రంగుల్లో చూపించమన్నారు. రెండు గంటల పని అనుకున్నా, పది రోజులు పట్టింది. ఇదే పని మొదలుపెట్టేవాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నా.

మొదటి రోజంతా పోస్టల్ సర్వీస్ ఇచ్చే బౌండరీ ఫైల్, అంటే ఒక్కో జిప్ కోడ్ హద్దులు గీసున్న ఫైల్ కోసమే వెతికా, వాళ్లు అలాంటిది పబ్లిష్ చెయ్యరని సాయంత్రానికి గానీ తెలీలేదు. 1963లో జిప్ కోడ్ వచ్చిందే ఉత్తరాల బట్వాడా తొందరగా అవ్వాలని, అంటే అది అడ్రస్‌లకీ డెలివరీ రూట్లకీ ఇచ్చిన నంబర్ తప్ప నేల మీద గీసిన గీత కాదు. కొన్ని కోడ్‌లు ఉత్త పీఓ బాక్సులే, 12345 అయితే న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ ఊళ్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఒక్కదానికే ఇచ్చారు. ఈ సంగతి ముందే తెలిసుంటే నాకు సగం తిప్పలు తప్పేవి.

మరి మ్యాపుల్లో కనిపించే ఆ ఆకారాలేంటంటే, జనాభా లెక్కలు చూసే సెన్సస్ బ్యూరో 2000 నుంచి తయారు చేస్తున్న జెడ్‌సీటీఏలు (జిప్ కోడ్ టాబ్యులేషన్ ఏరియాలు), అంటే జిప్ కోడ్‌లకి సుమారుగా సరిపోయే ఏరియాలు. ఒక్కో సెన్సస్ బ్లాక్‌లో (జనాభా లెక్కలకి వాడే అన్నిటికన్నా చిన్న ఏరియా) ఎక్కువ అడ్రస్‌లకి ఏ జిప్ ఉందో చూసి బ్లాక్ మొత్తానికి అదే ఇస్తారు, ఒకే కోడ్ వచ్చిన బ్లాకులన్నీ కలిపేస్తారు. మనుషులు లేని చోట్ల ఖాళీలు వదిలేస్తారు కూడా, నేనేమో ఆ ఖాళీలు చూసి డౌన్‌లోడ్ పాడైందేమో అని రెండుసార్లు మళ్లీ దింపుకున్నా.

ఆర్డర్ల లిస్ట్‌ని జిప్ నంబర్ ద్వారా ఈ ఆకారాలతో జాయిన్ చేస్తే బోస్టన్ చుట్టుపక్కలంతా మాయం. ఎక్సెల్ 02108ని 2108 చేసేసింది! కాలమ్‌ని టెక్స్ట్ చేసి, ముందు సున్నాలు పెట్టి ఐదంకెలు చేశాక అన్నీ తిరిగొచ్చాయి. పీఓ బాక్స్ కోడ్‌లకి ఆకారమే ఉండదు కాబట్టి, జిప్ నుంచి జెడ్‌సీటీఏకి మార్చే క్రాస్‌వాక్ టేబుల్ ఒకటి తెచ్చి కలిపా.

ఫైల్ బరువుకి బ్రౌజర్ మొరాయించింది. మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో, గీతల్లో వివరాలు తగ్గించే సింప్లిఫై కొడితే ఒక్కో పాలిగాన్‌ని (ఏరియా ఆకారాన్ని) విడివిడిగా తగ్గించి పక్కపక్క ఏరియాల మధ్య సందులు పెట్టేసింది, అదే పని మ్యాప్‌షేపర్ అనే ఇంకో టూల్‌లో చేస్తే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గీత ఒక్కలాగే తగ్గింది, సందుల్లేవు.

రంగులు ఆర్డర్ల సంఖ్యని బట్టి వేస్తే జనాభా మ్యాపే మళ్లీ గీసినట్టుంది. వెయ్యి మందికి ఎన్ని అని లెక్కేస్తే ఈసారి పదిమంది ఉన్న ఏరియాలో ఒక్క ఆర్డర్ వచ్చినా అదే అన్నిటికన్నా ముదురుగా కనిపించింది, అలాంటి చిన్నవాటికి బూడిద రంగు వేశా.

ఆఖర్న ఇవి సుమారు ఏరియాలు, గీత పక్కనున్న ఇంటి జిప్ ఏదో దీన్నిబట్టి తేల్చకండి అని మ్యాప్ కింద ఒక లైన్ రాశా. అది తీసేస్తే నీట్‌గా ఉంటుందన్నారు గానీ, నేను తియ్యలేదు.